విచారణకు రాలేనంత జబ్బు అంటున్నారు, వకాలతు మీద సంతకం మాత్రం పెడుతున్నారు

మధురవాడ_రైతుబిడ్డ
విషయం కాస్త పొడుగు, ఓపికగా చదవండి. మా నాన్నగారు 1974లో విశాఖ మధురవాడ దగ్గర కొన్న 60 సెంట్ల భూమి మీద హద్దు తగాదా వచ్చింది. సూర్యబాగ్‌లోని కోర్టులో చాలా ఏళ్లు నడిచి 2022లో దావా ఓడిపోయాం. జిల్లా కోర్టులో అప్పీలు వేద్దామని మా లాయరుగారు కోర్టు ఫీజుకు, ఖర్చులకు కలిపి 1,80,000 రూపాయలు తీసుకున్నారు. అసలు దస్తావేజు కూడా ఆయన దగ్గరే ఉంది. అడిగినప్పుడల్లా "నంబరు పడాలి, పడుతుంది" అనేవారు. చివరికి నేను వేరే వాళ్లతో వెతికిస్తే అప్పీలు వేయనే లేదని తేలింది.

రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టి 9 నెలలైంది. క్రమశిక్షణ కమిటీ ముందు మూడు వాయిదాలు పడ్డాయి. మూడింటికీ మేము రైలెక్కి విజయవాడ, అక్కడి నుంచి అమరావతి వెళ్లాం. నాన్నగారికి 79 ఏళ్లు. మొదటి రెండుసార్లు "విశ్రాంతి అవసరం" అని డాక్టరు చీటీ వచ్చింది. మూడోసారి "మతిమరుపు జబ్బు ఉంది, విచారణలో పాల్గొనే స్థితిలో లేరు" అని వచ్చింది. సరే, జబ్బు ఎవరికైనా వస్తుంది. కానీ రెండు వారాల క్రితం మా పక్క వీధి ఆయన కొత్త దావా వేశారు. ఆ వకాలతు (కేసు నడిపే అధికారం లాయరుకు ఇచ్చే పత్రం) మీద ఉన్నది ఈ లాయరుగారి సంతకమే!

విచారణకు రాలేని మనిషి కొత్త కేసు ఎలా తీసుకుంటారు? మా డబ్బు, మా దస్తావేజు సంగతి ఏమిటి?

ఉక్కునగరం_62
ఇందులో ఆలోచించడానికి ఏముంది? నాటకం. జబ్బు చీటీ వంద రూపాయలకు దొరుకుతుంది. రాకపోతే ఎక్స్‌పార్టీ చేసి, అంటే ఆయన లేకుండానే విచారించి, లాయర్ల జాబితా నుంచి పేరు కొట్టేయమనండి. దానితోపాటు మోసం కేసు కూడా పెట్టండి.

భీమిలి_గాలి
వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చు కదా? మా బావగారు ఫ్రిజ్ విషయంలో వెళ్లి గెలిచారు.

సూర్యబాగ్_జూనియర్
భీమిలి_గాలి గారూ, ఫ్రిజ్‌కు ఆ దారి ఉంది, లాయరుకు లేదు. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రావని సుప్రీంకోర్టు 2024 మే నెలలో తీర్పు ఇచ్చింది. ఇలాంటి ఫిర్యాదుకు బార్ కౌన్సిలే వేదిక. డబ్బు వసూలుకు సివిల్ దావా, మోసం ఉంటే క్రిమినల్ కేసు వేరే దారులు.

పాత_శిరస్తదారు
నేను 31 ఏళ్లు కోర్టు ఉద్యోగం చేశాను. ఉక్కునగరం గారి కోపం అర్థమైంది గానీ, తొందరపడి ఎక్స్‌పార్టీ అడగవద్దు. కారణం చెబుతాను.

నోటీసు అందినా రానివాడి మీద ఏకపక్షంగా నడిపించే అధికారం కమిటీకి ఉంది, నిజమే. కానీ ఈయన రాకుండా ఊరుకోలేదు, డాక్టరు చీటీతో కారణం చూపించారు. దాన్ని పరీక్షించకుండా పేరు తీసేస్తే, 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అప్పీలు వేస్తారు, అక్కడి నుంచి సుప్రీంకోర్టు వరకు వెళ్లవచ్చు. "మతి లేని మనిషిని వినకుండా శిక్షించారు" అనే ఒక్క మాట మీద ఉత్తర్వు పడిపోతుంది. మీరు మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడతారు.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. అడ్వొకేట్స్ చట్టం 36బి ప్రకారం ఫిర్యాదు అందిన నాటి నుంచి ఏడాదిలో విచారణ ముగియాలి. ముగియకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. అంటే ఢిల్లీ. మీకు 9 నెలలు అయిపోయాయి. ఇంకో రెండు వాయిదాలు ఇలాగే జరిగితే 79 ఏళ్ల మనిషి ఢిల్లీ రైలెక్కాలి.

మధురవాడ_రైతుబిడ్డ
ఢిల్లీ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. చదివి చేతులు చల్లబడ్డాయి.

ఎంవీపీ_లక్ష్మి
ఉక్కునగరం గారూ, నాటకం అన్నారు. మా నాన్నగారు లాయరు. 58వ ఏట మొదలైంది. మొదట మరిచిపోవడం కాదు, మారిపోవడం. రూపాయి దగ్గర జాగ్రత్త గల మనిషి, ఎవరు అడిగితే వాళ్లకు ఇచ్చేసేవారు. క్లయింటు ఇచ్చిన డబ్బు టేబులు సొరుగులో పెట్టి, అది తన సొంతమనుకుని ఇంటి మరమ్మతుకు వాడేశారు. మాకు తెలియదు. రెండేళ్ల తర్వాత గానీ జబ్బు పేరు బయటపడలేదు. అప్పటికి పది మంది ఇంటి మీదకు వచ్చారు.

రోజూ ఉదయం తొమ్మిదింటికి నల్లకోటు వేసుకుని వరండాలో కూర్చునేవారు. "కారు రాలేదా?" అని అడిగేవారు. కోర్టుకు వెళ్లడం మానేసి అప్పటికి ఏడాది. గుమస్తా మాత్రం వారానికోసారి వచ్చి కాగితాల మీద సంతకాలు చేయించుకుపోయేవాడు. ఆయన సంతకం చివరిదాకా చెక్కుచెదరలేదు. ఏం మీద పెడుతున్నారో మాత్రం తెలియదు. మీ పక్క వీధి ఆయన వకాలతు గురించి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

ఉక్కునగరం_62
లక్ష్మి గారూ, మీ ఇంట్లో జరిగినదానికి బాధగా ఉంది, నా మాట మీకు తగిలి ఉంటే మన్నించండి. అయినా అడుగుతాను. ఆ పది మంది డబ్బు ఎవరు ఇచ్చారు?

ఎంవీపీ_లక్ష్మి
మా అమ్మ నగలు. ఏడుగురికి పూర్తిగా, ముగ్గురికి సగం. కేసు కట్టలు నేనే ఒక్కొక్కటి వెతికి, పుస్తకంలో సంతకం తీసుకుని తిరిగి ఇచ్చాను. 112 కట్టలు.

మహారాణిపేట_డాక్టరు
నరాల వైద్యంలో పనిచేస్తాను. లక్ష్మి గారు చెప్పింది పుస్తకంలో ఉన్నట్టే ఉంది. మతి తగ్గే జబ్బుల్లో ఒక రకం మెదడు ముందు భాగంలో, కణతల దగ్గర మొదలవుతుంది. అందులో జ్ఞాపకశక్తి కంటే ముందు వివేకం, డబ్బు లెక్క, మంచి చెడు తూచే శక్తి పోతాయి. చాలామందిలో 65 ఏళ్ల లోపే కనిపిస్తుంది. ఇంట్లో వాళ్లు "బుద్ధి మారింది" అనుకుంటారు, జబ్బు అనుకోరు.

అందుకని అందరికీ అదే అని నేను అనడం లేదు. "విశ్రాంతి అవసరం" అని రాసే చీటీ చీటీ కాదు. జ్వరం వచ్చినవాడికీ అదే రాస్తాం. విచారణలో పాల్గొనలేరని చెప్పే వైద్య పత్రంలో వేరే సంగతులు ఉండాలి. ఆ డాక్టరు రోగిని ఎన్నాళ్లుగా చూస్తున్నారు, ఏ పరీక్షల మీద ఆ నిర్ణయానికి వచ్చారు, ప్రశ్న అర్థం చేసుకోగలరా, తన లాయరుకు విషయం చెప్పుకోగలరా, అరగంట కూర్చోగలరా, బాగుపడే అవకాశం ఉందా, ఉంటే ఎన్నాళ్లకు. కాలు విరిగితే రాలేకపోవడం ఒకటి, జవాబు చెప్పలేకపోవడం వేరొకటి. మొదటిదానికి వీడియో చాలు.

సబ్బవరం_విద్యార్థి
డాక్టరుగారు చెప్పినదాన్నే ఇంగ్లండు హైకోర్టు 2012లో లెవీ వర్సెస్ ఎల్లిస్-కార్ కేసులో దాదాపు అలాగే చెప్పింది. డాక్టరు ఎవరో, రోగిని ఎంతవరకు ఎరుగుదురో, జబ్బులోని ఏ లక్షణం పాల్గొననివ్వడం లేదో, ఎప్పటికి కోలుకుంటారో రాయాలని, అది డాక్టరు స్వతంత్ర అభిప్రాయమని కోర్టుకు నమ్మకం కలగాలని. అక్కడ సొలిసిటర్ల (ఒక రకం లాయర్ల) మీద విచారణల్లో వాయిదా అడిగితే ఈ తీర్పు చూపిస్తారు.

అమెరికాలో ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడి న్యాయవాదుల సంఘం రాసిన నమూనా నియమాల్లో 23వది నాకు చాలా నచ్చింది. విచారణ నడుస్తుండగా లాయరు "నాకు జబ్బు, నన్ను నేను సమర్థించుకోలేను" అంటే, ఆ మాట తేలేదాకా వెంటనే ఆయన్ని ప్రాక్టీసు చేయకూడని జాబితాలోకి మారుస్తారు. అది శిక్ష కాదు. జబ్బు నిజం కాదని తేలితే క్రమశిక్షణ విచారణ మళ్లీ నడిపించవచ్చు.

మధురవాడ_రైతుబిడ్డ
ఇదే! నేను అడగాలనుకుని మాటలు దొరకనిది ఇదే. విచారణకు రాలేరు అంటే కోర్టుకూ వెళ్లకూడదు. రెండు వైపులా జబ్బు ఒక్కటే ఉండాలి కదా. మన దగ్గర అలాంటి నియమం ఉందా?

పాత_శిరస్తదారు
చట్టంలో అలా రాసి లేదు. రోలు, అంటే న్యాయవాదుల జాబితా, నుంచి పేరు తీయడానికి అడ్వొకేట్స్ చట్టంలో 26ఎ సెక్షన్ ఉంది. దాని ప్రకారం చనిపోయినవారి పేరు తీస్తారు, లేదా స్వయంగా కోరినవారి పేరు తీస్తారు. జబ్బు చేసినవారి మాట అందులో లేదు. 35వ సెక్షన్ కింద మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, పేరు తొలగింపు ఉన్నాయి గానీ అవి దుష్ప్రవర్తనకు. జబ్బు దుష్ప్రవర్తన కాదు.

ఎంవీపీ_లక్ష్మి
ఆ 26ఎ దగ్గరే నేను ఆగిపోయాను. నాన్నగారు కోరాలి. ఆయనేమో "నేనెందుకు మానేస్తాను, ఇంకా నలభై కేసులున్నాయి" అనేవారు. కాగితం ముందు పెడితే సంతకం పెట్టేస్తారని తెలుసు. గుమస్తా చేసిన పనే నేనూ చేయాలా? చేయలేకపోయాను.

సూర్యబాగ్_జూనియర్
లక్ష్మి గారి పోస్టు చదివాక కాసేపు రాయలేకపోయాను.

నా వంతు రెండు మాటలు. ఒకటి, వకాలతు సంగతి. పెద్ద లాయర్ల ఆఫీసుల్లో ముందుగానే సంతకం పెట్టించి ఉంచిన ఖాళీ వకాలతులు ఉంటాయి. ఇది తప్పు, కానీ జరుగుతుంది. కాబట్టి ఆ సంతకం రెండు వారాల క్రితందే అని అనుకోలేం. తేదీ వేసింది ఎవరో కనుక్కోండి. మీ పక్క వీధి ఆయన లాయరుగారిని కళ్లారా చూశారా?

రెండోది ఇంకా ముఖ్యం. మీరు ఆ డాక్టరు చీటీని తిట్టుకుంటున్నారు. దాని నకలు పదిలంగా పెట్టుకోండి. జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజుల్లో వేయాలి, మీకు ఏళ్లు దాటాయి. జాప్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి. డబ్బు ఇచ్చి, లాయరును నమ్మి ఇంటి దగ్గర కూర్చున్న కక్షిదారు లాయరు తప్పుకు నష్టపోకూడదని సుప్రీంకోర్టు 1981లో రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో చెప్పింది. అది ప్రతిసారీ పనిచేయదు, మీ జాగ్రత్త ఎంతో కోర్టు చూస్తుంది. కానీ మీ లాయరుకు మతి తగ్గే జబ్బు ఉందని ఆయన పక్షమే కమిటీలో దాఖలు చేసిన కాగితం మీ చేతిలో ఉంటే, అంతకంటే బలమైన కారణం ఏముంటుంది? బార్ కౌన్సిల్ విచారణ తేలేదాకా ఆగవద్దు. ఈ వారమే కొత్త లాయరును పెట్టుకోండి.

ఉక్కునగరం_62
దీన్ని ఒప్పుకోవాలి. ఆయన్ని కాపాడే కాగితమే వీళ్ల భూమినీ కాపాడుతుంది.

భీమిలి_గాలి
జూనియర్ గారూ, మీ ఫోను నంబరు ఇక్కడ అడగకూడదు గానీ, మా బావగారు ఫ్రిజ్ తర్వాత ఇప్పుడు ఇంటి గోడ విషయంలో ఉన్నారు.

సూర్యబాగ్_జూనియర్
గోడకు వేరే చర్చ తెరవండి, తప్పక రాస్తాను.

తిరిగొచ్చిన_వకీలు
ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను. రాయకపోతే తప్పు అనిపించింది.

నేను 17 ఏళ్ల ప్రాక్టీసు తర్వాత కుంగుబాటుతో మంచం పట్టాను. నాది మతిమరుపు కాదు, అన్నీ గుర్తుండేవి. అదే నరకం. బీరువా తలుపు తీస్తే కట్టలు కనిపిస్తాయని ఆ గదిలోకే వెళ్లేవాణ్ని కాదు. ఫోను మోగితే చెమటలు. ఒక క్లయింటు దావా గైర్హాజరు కింద కొట్టివేశారు, 30 రోజుల్లో పునరుద్ధరణకు పిటిషన్ వేస్తే సరిపోయేది. ఆ 30 రోజులూ లెక్కపెడుతూ పడుకున్నాను. వేయలేదు. ఆయన ఫిర్యాదు చేశారు. న్యాయమే.

నేనూ డాక్టరు చీటీ పంపాను. ఆ చీటీ నిజమే. కానీ విచారణ వాయిదా పడిన ప్రతిసారీ నాకు ఊరట కలగలేదు, బరువు పెరిగింది. అందుకే ఉక్కునగరం గారు అన్నట్టు జబ్బును అడ్డు పెట్టుకునేవాళ్లు ఉండవచ్చు గానీ, నిజంగా జబ్బు చేసినవాడికి వాయిదా మందు కాదు.

నన్ను గట్టెక్కించింది మా సీనియరు భార్య. ఇంటికి వచ్చి, "నువ్వు కోర్టుకు వెళ్లకూడదు, ముందు అది రాసి ఇవ్వు" అన్నారు. ఏ కారణంతోనైనా ప్రాక్టీసు ఆపుకోదలచిన న్యాయవాది, అసలు సన్నదును (న్యాయవాదిగా నమోదైన పత్రాన్ని) జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేయాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో ఉంది. అలాగే చేశాను. కట్టలన్నీ తిరిగి ఇప్పించారు. ఆ క్లయింటుకు ఫీజు మొత్తం తిరిగి ఇచ్చాను. అయినా ఫిర్యాదు ఆగలేదు, ఆగకూడదు కూడా. మందలింపు వచ్చింది. రెండేళ్ల తర్వాత ప్రమాణపత్రం పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు తక్కువ కేసులు, రాత్రి నిద్ర.

ఇలాంటి స్థితిలో ఉన్న తోటి వకీళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, 14416కు ఫోను చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

మహారాణిపేట_డాక్టరు
వకీలు గారూ, రాసినందుకు కృతజ్ఞతలు. ఈ పోస్టును మా రోగుల బంధువులకు చదివి వినిపిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

తిరిగొచ్చిన_వకీలు
వినిపించండి.

పాత_శిరస్తదారు
రైతుబిడ్డ గారూ, ఇప్పుడు మీరు కమిటీని ఏమేమి అడగవచ్చో చెబుతాను. అడ్వొకేట్స్ చట్టం 42వ సెక్షన్ కింద కమిటీకి సివిల్ కోర్టుకు ఉన్న కొన్ని అధికారాలు ఉన్నాయి. పిలిపించి ప్రమాణం మీద విచారించవచ్చు. కాబట్టి చీటీ ఇచ్చిన డాక్టరును పిలిచి అడగమనండి, లేదా ఆయన చేత ప్రమాణపత్రం రాయించమనండి. సాక్షుల విచారణకు కమిషన్ వేసే, అంటే సాక్షి ఉన్నచోటే వాంగ్మూలం తీసుకోవడానికి ఒకరిని నియమించే, అధికారం కూడా ఉంది. నాన్నగారి వాంగ్మూలం విశాఖలోనే తీసుకోమని అడగండి, ఆయన వయసు కారణం చూపండి. జబ్బు ఆయనకే కాదు, వయసు మీకూ ఉంది.

క్రిమినల్ కోర్టుల్లో కూడా ముద్దాయికి మతి సరిగా లేక తనను సమర్థించుకోలేడని తోస్తే, ముందు ఆ విషయాన్నే విచారించి తేల్చాలి. ఇప్పుడు అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టంలో) 368వ సెక్షన్. మీ కమిటీకి ఆ సెక్షన్ వర్తించదు గానీ ఆ వరుస న్యాయమైనది. ముందు జబ్బు తేల్చండి, తర్వాత తప్పు. జబ్బు తేల్చకుండా వాయిదా మీద వాయిదా వేయవద్దు అనేదే మీ ప్రార్థన కావాలి.

సూర్యబాగ్_జూనియర్
దస్తావేజు మాత్రం విడిగా, ఇప్పుడే అడగండి. ఫీజు బాకీ ఉన్నా సరే క్లయింటు కాగితాలు పట్టి ఉంచుకునే హక్కు లాయరుకు లేదని ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. మీరు బాకీ కూడా లేరు. కాగితం తిరిగి ఇవ్వడానికి మతి బాగుండాల్సిన పని లేదు, ఇంట్లో ఎవరైనా ఇవ్వవచ్చు.

ఎంవీపీ_లక్ష్మి
నోటీసు పంపే ముందు ఒకసారి ఇంటికి వెళ్లండి. ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడండి. వాళ్లకు ఏమీ తెలియకపోవచ్చు.

ఉక్కునగరం_62
వెళితే ఒక్కరూ వెళ్లకండి, తోడు తీసుకెళ్లండి. ఏమీ రాసి ఇవ్వకండి.

మధురవాడ_రైతుబిడ్డ
పది రోజుల తర్వాత రాస్తున్నాను. వెళ్లాం. నేను వద్దన్నా నాన్నగారు కూడా వచ్చారు.

ఆయన భార్య తలుపు తీశారు. ఫిర్యాదు సంగతి ఆమెకు తెలియదు. ఆఫీసు చూసుకునే జూనియరే నోటీసులు తీసుకుని, చీటీలు పంపుతున్నాడట. మొదటి రెండు చీటీలు ఎవరు రాశారో ఆమెకు తెలియదు. మూడోది మాత్రం నిజం. స్కాన్ కాగితాలు చూపించారు. పక్క వీధి ఆయన్ని కూడా అడిగాను, లాయరుగారిని చూడనే లేదు, ఆ కుర్రాడే వకాలతు తెచ్చాడు.

ఆయన లోపలి గదిలో కుర్చీలో ఉన్నారు. నాన్నగారు ఎదురుగా కూర్చుంటే కాసేపు చూసి, మా దావా నంబరు, సంవత్సరం తప్పు లేకుండా చెప్పారు. మా ఊరు చెప్పారు. "అప్పీలు వేశాను, నంబరు పడాలి" అన్నారు. అబద్ధం చెబుతున్న మొహం కాదు అది. నాన్నగారు బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, "వేశాననే అనుకుంటున్నాడురా" అన్నారు. దారి పొడుగునా ఇంకో మాట మాట్లాడలేదు.

దస్తావేజు దొరికింది. మంచం కింద రేకు పెట్టెలో, వేరే వాళ్ల కట్టల మధ్యలో. ఆమె కొడుకు బెంగళూరు నుంచి ఫోను చేసి, డబ్బు మూడు విడతల్లో ఇస్తామన్నాడు. మొదటి 60,000 నిన్న వచ్చింది. పుచ్చుకుంటే ఫిర్యాదు పోతుందా?

పాత_శిరస్తదారు
పోదు. రాజీ పడినా, ఫిర్యాదుదారు వద్దన్నా, ఆ ఒక్క కారణం మీద విచారణ మూసేయకూడదని నియమాల్లోనే ఉంది. రసీదులో "నా అప్పీలు డబ్బు తిరిగి ముట్టింది" అని మాత్రం రాయండి, ఫిర్యాదు మాట ఎత్తవద్దు. ఇక ఆ జూనియరు పాత్ర మీద మీకు తెలిసింది ప్రమాణపత్రంలో పెట్టండి.

ఉక్కునగరం_62
ఆ కుర్రాడు. నా కోపం అంతా ఇప్పుడు అటు తిరిగింది. పెద్దాయన పేరు అమ్ముకుని బతుకుతున్నాడు.

తిరిగొచ్చిన_వకీలు
ఆ పెట్టెలో ఉన్న మిగతా కట్టల మాట ఏమిటి? ఎవరెవరివో? వాళ్లకు ఇంకా తెలియదు కదా.

మధురవాడ_రైతుబిడ్డ
అదే నాకూ నిద్ర పట్టనివ్వడం లేదు. నేను చూసినవే ముప్పైకి పైన ఉంటాయి.

ఎంవీపీ_లక్ష్మి
ఆ లాయరుగారి భార్యకు నా గురించి చెప్పండి. ఒప్పుకుంటే ఆదివారం నేను వెళ్లి కూర్చుంటాను. కట్టలు ఎలా విడదీయాలో, కోర్టు వెబ్‌సైటులో వాయిదా ఎలా చూడాలో నాకు అలవాటే. నా పాత పుస్తకంలో ఇంకా ఖాళీ పేజీలున్నాయి.

సూర్యబాగ్_జూనియర్
నేనూ వస్తాను. దగ్గర వాయిదాలు ఉన్నవి ముందు తీద్దాం, గడువు దాటుతున్నవి ఆ తర్వాత.

మధురవాడ_రైతుబిడ్డ
ఆమె ఒప్పుకున్నారు. ఆదివారం పదింటికి.

కమిటీకి వేయాల్సిన మెమో కూడా రాశాను. చీటీ ఇచ్చిన డాక్టర్లు ముగ్గురినీ విచారించాలని, నాన్నగారి వాంగ్మూలం విశాఖలో తీసుకోవాలని, జబ్బు తేలేదాకా ఆయన పేరు మీద కొత్త వకాలతు వేయకుండా చూడాలని. చివరిదానికి సెక్షన్ లేదని తెలుసు, అయినా అడిగాను.

పాత_శిరస్తదారు
అడగాలి. మెమో వేసేటప్పుడు నకలు మీద ముద్ర వేయించుకోండి.